ఉప్పెనలో పోయినవారి పాపమెంత?



ఈ వారం మన ధ్యానమునకు లూకా సువార్త 13వ అధ్యాయము, మొదటి ఐదు వచనములు. ముందు బైబిలు తెరచి ఆ భాగం చదువుకోండి. యేసు దగ్గరికి కొందరు వచ్చి ఒక దుర్వార్త చెప్పారు. బలులు అర్పిస్తున్న గలిలయులను పిలాతు చంపించాడని ఆ వార్త. వార్త చెప్పినవారి మనసులో ఒక ప్రశ్న ఉంది, పైకి అడగలేదు. ప్రభువు ఆ ప్రశ్నను తానే బయటికి తీశాడు. చచ్చిపోయినవారు మిగతావారికంటె పెద్ద పాపులని మీరు అనుకుంటున్నారా అని అడిగి, కాదని తానే జవాబిచ్చాడు. అంతటితో ఆగక సిలోయములో గోపురం కూలి పద్దెనిమిదిమంది చనిపోయిన సంగతిని కూడా ఆయనే ఎత్తి, వాళ్ళ విషయంలోనూ అదే జవాబు చెప్పాడు. రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ కాదన్నాడు. ఆ తర్వాత బ్రతికి ఉన్నవారివైపు తిరిగి, మారుమనస్సు పొందవలసింది మీరే అన్నాడు.

ఈ వాక్యం మన సంఘంలో చాలాసార్లు చదివాము. అయితే దీని బరువు మాకు బాగా తెలిసిన చోటు కృష్ణా జిల్లా దివిసీమ. అక్కడ అవనిగడ్డ ప్రాంతంలో ఉప్పెన మృతుల జ్ఞాపకార్థం కట్టిన స్తూపం ఉంది. అక్కడివారు దానిని పైలాన్ అంటారు. నవంబరులో మన సంఘం నుండి పద్నాలుగు మందిమి వెళ్ళి చూచి వచ్చాము.

నాగాయలంక వైపు పరిచర్య చేస్తున్న ఒక దైవసేవకుడు చాలాకాలంగా రమ్మని పిలుస్తున్నాడు. రామగుండంలో రాత్రి రైలెక్కి విజయవాడలో దిగి, అక్కడి నుండి బస్సులో అవనిగడ్డ చేరాము. మాలో సగం మంది అంతకుముందు సముద్రం చూచినవారు కారు. బొగ్గుపొడికి, ఓసీపీ బ్లాస్టింగుకు గోడలదరడానికి అలవాటు పడ్డ మనకు ఆ సీమ కొత్తగా ఉంటుంది. ఎటు చూచినా చదునైన నేల. కోతకు దగ్గరపడిన వరి, గట్ల మీద తాటిచెట్లు, కాలువలు. ఒక్క గుట్ట లేదు. మనకు గోదావరి పొంగితే ఎక్కడానికి మెరక ఉంటుంది. ఇక్కడ నీళ్ళొస్తే మనిషి ఎక్కడికి పరుగెత్తాలి అని మాలో ఒక అక్క బస్సులోనే అడిగింది. ఆ మాట ఆ రోజంతా మాతోనే ఉంది.

1977 నవంబరు 19, శనివారం. బంగాళాఖాతంలో పుట్టిన పెను తుపాను నిజాంపట్నం, చీరాల వైపున తీరం దాటింది. మన తూర్పు తీరాన్ని తాకే తుపాను నేలమీదికి వచ్చేచోట, దానికి కుడిపక్కన ఉన్న తీరం మీదికి గాలి సముద్రాన్నే తోసుకొని వస్తుంది. ఆ కుడిపక్కన ఉన్నది దివిసీమ. ఆ అల రెండు తాటిచెట్ల ఎత్తు వచ్చిందని అక్కడివారు చెప్తారు. లెక్క రాసినవారు 5 మీటర్లకు తక్కువ కాదంటారు. ఉప్పునీరు పది కిలోమీటర్లకు పైగా ఊళ్ళలోకి వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి తీరపు ఊళ్ళు ఒక్క పూటలో తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్క ప్రకారమే చనిపోయినవారు పదివేల వరకు ఉన్నారు. అంతకు ఎన్నో రెట్లు పోయారని చెప్పేవారూ ఉన్నారు. పశువులకైతే లెక్కే లేదు.

అదే శనివారం సాయంత్రం ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ యెరూషలేము వెళ్ళాడు. లోకమంతా సమాధాన వార్త కోసం ఆ పట్టణం వైపే చూస్తోంది. దివిసీమకు తీగలు తెగిపోయాయి, రోడ్లు తెగిపోయాయి. మరుసటి ఉదయం ఆదివారం. మన ఊళ్ళలో గుడిగంటలు మోగే వేళకు అక్కడ తుమ్మచెట్ల ముళ్ళలో మనుషులు, పశువులు కలిసి వేలాడుతున్నారు. చాలామందిని గుర్తుపట్టడానికి ఇంట్లో ఎవరూ మిగలలేదు. పేరు తెలియకుండానే గుంపులుగా పూడ్చారు, గుంపులుగా కాల్చారు.

తర్వాత దేశం కదలింది. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలెపట్టి వీధుల్లో తిరిగి విరాళాలు సేకరించారు. అవనిగడ్డ నాయకుడు మండలి వెంకటకృష్ణారావు ఆ పునరావాసంలో తలమునకలయ్యాడు. మదర్ తెరెసా వచ్చింది. రామకృష్ణ మిషన్ వచ్చింది, ఆరెస్సెస్ వాళ్ళు వచ్చారు, క్రైస్తవ సంఘాల సహాయ సంస్థలు వచ్చాయి. కుళ్ళిన శవాన్ని మోసే భుజం ఎవరిదని అప్పుడెవరూ అడగలేదు.

పైలాన్ దగ్గర మేము ఎక్కువసేపు మాట్లాడుకోలేదు. మన ఊళ్ళలో స్మారక స్తూపమంటే పేర్లుంటాయి. పేరు మీద వేలు పెట్టి, ఈయన మా మేనమామ అని చెప్పుకుంటాము. పదివేల పేర్లు ఏ రాతి మీద పడతాయి? పట్టేంత రాయి దొరికినా, ఇంటిల్లిపాదీ పోయిన ఇంటి పిల్లల పేర్లు చెప్పేవారెవరు?

అక్కడే మాలో ఒక తమ్ముడు మెల్లగా అన్నాడు: "గింతమందిని ఒక్కసారే తీస్కపోయిండంటే, గీ జాగల ఏదో పెద్ద పాపమే జరిగుంటది గద అయ్యగారూ."

మమ్మల్ని తీసుకెళ్ళిన సేవకునితో పాటు ఆ ప్రాంతపు విశ్వాసి ఒకాయన వచ్చాడు. యాభై దాటిన మనిషి, రొయ్యల చెరువుల మీద పని చేసుకుంటాడు. ఆయన ఆ మాట విన్నాడు. కోపపడలేదు.

"బాబూ, ఆ వేళ నాకు పదేళ్ళండి. మా నాన్న నన్ను తాటిచెట్టు మీదికి తోసేశాడు. మా చెల్లెల్ని చంకనేసుకుని తనూ ఎక్కబోయాడు. అంతే, మళ్ళీ కనపళ్ళేదు. మా చెల్లికి మూడేళ్ళు. దానికి ఏ పాపం అంటగడతారో మీరే చెప్పండి" అన్నాడు.

ఎవరి దగ్గరా జవాబు లేదు. కాసేపటికి ఆయనే మళ్ళీ మాట్లాడాడు. తమ ఊళ్ళో ప్రార్థనాపరులు పోయారనీ, తాగి పడిపోయినవాళ్ళు కొందరు మిగిలారనీ చెప్పాడు. మీరెట్లా బ్రతికారని ఎవరైనా అడిగితే చెట్టు దొరికిందని చెప్తానన్నాడు. "దేవుణ్ణి స్తుతిస్తానండి. ప్రతి ఏడూ మా సంఘంలో సాక్ష్యం చెప్తాను. కానీ మా చెల్లి పేరు చెప్పకుండా నా సాక్ష్యం మొదలుపెట్టను. నేను బతికింది చెప్పి అది పోయింది చెప్పకపోతే, సగం అబద్ధం కదండీ."

ప్రియులారా, ఆ పెద్దాయన బైబిలు కళాశాలలో చదివినవాడు కాదు. అయినా లూకా 13వ అధ్యాయమునకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానం మేము వినలేదు.

మధ్యాహ్నం సముద్రం ఒడ్డుకు వెళ్ళాము. హంసలదీవి దగ్గర కృష్ణమ్మ పాయ సముద్రంలో కలిసే ప్రాంతమది. ఆ రోజు నీళ్ళు నెమ్మదిగా ఉన్నాయి. మన గుంపులోని ఒక పెద్దమ్మ చీరకుచ్చెళ్ళు పైకి దోపుకొని నిలబడి, దోసిట్లో నీళ్ళు తీసుకొని నాలుకకు తాకించి, ఉప్పగుందని నవ్వింది. వెంటనే నవ్వు ఆపి ఒడ్డుకు నడిచి వచ్చింది. మీద ఎంత నెమ్మదిగా ఉన్నా దాని లోతు ఏమిటో ఉదయమే విన్నాము కదా.

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాము. సముద్రం మనకు చాలా దూరం. అయినా నీళ్ళు మనవాళ్ళనూ తీసుకుపోయాయి. గోదావరిఖని ఏడో ఎల్‌ఈపీ గనిలో 2003 జూన్ 16, సోమవారం నాడు, పాత పనుల్లో నిండి ఉన్న నీరు అడ్డు తెంచుకొని మనుషులు పనిచేసే చోటికి ఒక్కసారిగా వచ్చింది. పదిహేడుమంది కార్మికులు పోయారు. సిలోయములో పద్దెనిమిది, మన బాయిలో పదిహేడు. దివిసీమలో పరుగెత్తడానికి గుట్ట లేదు. బాయిలో పైన ఆకాశమే లేదు.

2019 సెప్టెంబరు 15న తూర్పు గోదావరి జిల్లా కచ్చులూరు దగ్గర, పాపికొండలు చూడబోయిన రాయల్ వశిష్ఠ పడవ మునిగింది. ఖని పక్కనుండి పారే మన గోదావరే అది, వరదలో ఉన్న గోదావరి. యాభైమంది దాకా పోయారు. వాళ్ళలో నది అవతలి మన మంచిర్యాల జిల్లావాళ్ళున్నారు, కాజీపేట దగ్గరి కడిపికొండవాళ్ళున్నారు. కచ్చులూరు గ్రామస్థులు తమ చిన్న పడవలు వేసుకొని వెళ్ళి అందినవారిని అందినట్టు లాగారు. ఇరవైఆరుగురు బ్రతికారు. ఆ రోజు ఆదివారం. ప్రార్థన విడిచి తిరగబోతే ఇట్లనే అయితది అన్న మాట ఆ వారం మన విశ్వాసుల ఇండ్లలోనూ వినపడింది. ఆ పడవ ఎక్కినవారు ఎవరో, ఏ దేవునికి మొక్కేవారో, ఇంట్లో ఎవరిని విడిచి వచ్చారో తెలియకుండానే తీర్పు చెప్పేశారు. ఒడ్డునుండి పడవ వేసుకొని వెళ్ళినవారు అటువంటి ప్రశ్న అడిగి ఉంటే ఇరవైఆరుగురు ఉండేవారు కారు.

ఎందుకు మనిషి అట్లా అంటాడు? చనిపోయినవాడిలో ఒక తప్పు వెతికి పట్టుకుంటే మనకు ధైర్యంగా ఉంటుంది. ఆ తప్పు నేను చేయలేదు కాబట్టి నాకది రాదు అనుకోవచ్చు. యోబు స్నేహితులు చేసింది అదే. మొదటి ఏడు రోజులు వాళ్ళు నేలమీద కూర్చుండి నోరు మెదపలేదు. ఆ ఏడు రోజులే వాళ్ళు నిజమైన స్నేహితులు. నోరు తెరచి, యోబు బాధకు కారణం యోబులోనే వెతకడం మొదలుపెట్టిన తర్వాత దేవునికే కోపం తెప్పించారు.

మన సంఘాల్లో ఇది సాక్ష్యముల రూపంలో కూడా వస్తుంది. బొగ్గుబాయి సంఘాల్లో ఈ సాక్ష్యం అందరూ విన్నదే. ఆ రోజు నాగా పెట్టాను, నా షిఫ్టువాళ్ళు పోయారు, నా దేవుడు నన్ను కాపాడాడు అని ఒక సహోదరుడు చెప్తాడు. అందరం స్తోత్రం అంటాము. ఆయన కృతజ్ఞత అబద్ధం కాదు. ప్రాణం దక్కిన మనిషి స్తుతించకపోతే రాళ్ళు స్తుతించాలి. కానీ అదే గుడిలో వెనుక వరుసలో, భర్త బాయిలో పోయి, ఆయన ఉద్యోగం తాను చేసుకుంటూ పిల్లల్ని చదివించిన అక్క ఒకామె కూర్చుంటుంది. కృతజ్ఞత కూడిక పెట్టిన ప్రతిసారీ ఆమె వంటపని ఉందని చెప్పి ముందే వెళ్ళిపోతుంది. ఆమె మనసులో ఏముందో ఒకరోజు పాస్టరమ్మతో చెప్పింది: "ఆయనను కాపాడిన దేవునికి మా ఆయన అడ్రసు తెల్వదా అమ్మా?"

ఈ ప్రశ్నకు జవాబు మాకు తెలుసునని మేము రాయము. యేసుక్రీస్తు కూడా సిలోయము గోపురం ఎందుకు కూలిందో ఆ పద్దెనిమిదిమంది భార్యలకు వివరించినట్టు సువార్తలో లేదు. లాజరు సమాధి దగ్గర ఆయన ముందు ఏడ్చాడు. లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. ఏడ్చేవారితో ఏడవమని రోమా సంఘమునకు పౌలు రాసినప్పుడు, ముందు కారణం కనుక్కొని ఏడవమని రాయలేదు.

మరి మారుమనస్సు అని ప్రభువు ఎందుకు అన్నాడు? పోయినవారి లెక్క మనకెందుకు, మిగిలిన మన లెక్క చూచుకోవాలి కనుక. మారుమనస్సు అంటే కన్నీళ్ళతో ముందుకు వచ్చి మోకరించడం ఒక్కటే కాదు, నడక మార్చుకోవడం. దివిసీమ దీనికి ఒక సాక్ష్యం. 1977 తర్వాత ఆ తీరంలో తుపాను షెల్టర్లు కట్టారు. హెచ్చరిక ఊరిదాకా చేరే ఏర్పాట్లు పెరిగాయి. 1990 మే 9న ఇంచుమించు అంతటి తుపానే కృష్ణా ముఖద్వారం దగ్గర మళ్ళీ తీరం దాటింది. ఈసారి ముందుగానే లక్షలమందిని ఖాళీ చేయించారు. పోయినవారు వెయ్యిలోపు. ఆ వెయ్యి ఇండ్ల దుఃఖం చిన్నది కాదు. కానీ పదివేలకూ వెయ్యికీ మధ్య బ్రతికి ఉన్నవారిని చూడండి. సముద్రం మారలేదు, గాలి మారలేదు. మనుషులు నడక మార్చుకున్నారు.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో పౌలు ఎక్కిన ఓడ సంగతి మీకు తెలుసు. ఇది ప్రమాదమని పౌలు ముందే చెప్పాడు. శతాధిపతి ఖైదీ మాట వినక, ఓడ నడిపేవాడి మాట, ఓడ యజమాని మాట విన్నాడు. తుపానులో చిక్కి అందరూ ఆశ వదులుకున్నప్పుడు పౌలు వాళ్ళ పాపాల చిట్టా చదవలేదు. నా మాట వినవలసింది అని ఒక్కమాట అని, ధైర్యం చెప్పి, రొట్టె విరిచి అందరి ముందు తిని, వాళ్ళచేత తినిపించాడు. ఓడలో ఉన్న 276 మందిలో విశ్వాసులెందరో వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. దేవుడు అందరి ప్రాణాలూ పౌలుకు అప్పగించాడు. ఈత వచ్చినవాళ్ళు ఈదారు, రానివాళ్ళు పలకలు పట్టుకొని ఒడ్డు చేరారు. దేవుని రక్షణ అక్కడ ఓడ పలక రూపంలో వచ్చింది, దివిసీమలో ఒక పిల్లవానికి తాటిచెట్టు రూపంలో వచ్చింది. అయితే ముందు చెప్పిన హెచ్చరిక కూడా దేవుని కృపే. దానిని విననప్పుడే పలకల అవసరం వచ్చింది.

బాయికి వెళ్ళే సహోదరులారా, ఈ మాట ముఖ్యంగా మీకు. సర్దార్ కర్రతో కప్పు మీద కొట్టి శబ్దం వింటాడు. గట్టిగా మోగితే పని, డొల్లగా మోగితే ఎవరినీ కింద నిలబడనివ్వడు. ఆ చెవి దేవుడిచ్చిన చెవి. గోడకు కొత్తగా చెమ్మ కనబడినా, కప్పు శబ్దం మారినా, చెప్తే ఏమంటారోనని ఊరుకోకండి. పైవాళ్ళు విసుక్కుంటే విసుక్కోనివ్వండి, పౌలును కూడా విసుక్కున్నారు. ఉదయం ప్రార్థన చేసుకొని దిగి, ప్రమాదం కనబడినా నోరు మూసుకుంటే ఆ ప్రార్థన సగమే. సహోదరుని ప్రాణం కోసం నోరు తెరవడం కూడా భక్తే.

దివిసీమ నుండి వచ్చిన తర్వాత సంఘపెద్దలమందరం కూర్చుండి మాట్లాడుకున్నాము. ఇకమీదట జూన్ నెల కృతజ్ఞత కూడికలో మొదట సాక్ష్యాలు ఉండవు. మొదట అందరం నిలబడి, నీళ్ళలో, బాయిలో, రోడ్డుమీద పోయిన మనవారిని మౌనంగా జ్ఞాపకం చేసుకుంటాము. పేరు చెప్పాలనుకున్న ఇంటివారు చెప్పవచ్చు, వద్దనుకున్నవారు కూర్చోవచ్చు. ఆ తర్వాతే కాపాడబడినవారి సాక్ష్యం. నాగా పెట్టి బ్రతికిన సహోదరునితో ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన చాలాసేపు తలవంచుకొని కూర్చున్నాడు. "అయ్యగారూ, నా పక్కన పని చేసినోని పేరు ఇన్నేండ్లల్ల ఒక్కసారి గుడిల తీయలే. చెప్పబుద్ధయితది, ఏడుపొస్తదని చెప్పలే" అన్నాడు. ఏడుపు వస్తే రానివ్వండి అన్నాము. సాక్ష్యం ఏడుపుతో కలిసినంత మాత్రాన దేవుని మహిమ తగ్గదు.

ఈ సంగతి వెనుక వరుసలోని అక్కకు కూడా చెప్పాము. వస్తానని అనలేదు, రానని అనలేదు. చూద్దాము అన్నది. మేము తొందరపెట్టలేదు.

ప్రకటన గ్రంథములో సముద్రం తనలో ఉన్న మృతులను అప్పగిస్తుందని యోహాను రాశాడు. పేరు తెలియక గుంపుగా పూడ్చబడిన మూడేళ్ళ పిల్ల పేరు దేవునికి తెలుసు. చీకట్లో నీళ్ళపాలైన పదిహేడుమంది పేర్లు ఏ మస్టరు పుస్తకం చూడకుండా ఆయనకు తెలుసు. పోయినవారి తీర్పు ఆయన చేతిలో ఉంది. వారి ఇండ్లవారి దుఃఖం మన చేతుల్లో పెట్టాడు.

ప్రార్థించుదుము.

పరలోకమందున్న మా తండ్రీ, ఉప్పెనలోను, నదిలోను, బాయిలోను పోయిన వారిని జ్ఞాపకం చేసుకొనుచున్నాము. వారిని తూచే త్రాసు మా చేతిలోనుండి తీసివేయుము. మిగిలియున్న మా నడకను మార్చుము. ఈ రాత్రి షిఫ్టుకు దిగే ప్రతి కార్మికుని, వేటకు వెళ్ళే ప్రతి మత్స్యకారుని ఇంటికి క్షేమముగా చేర్చుము. ఇంటికి రాని వారికోసం ఇంకా తలుపు వైపు చూచుచున్న తల్లులతో, భార్యలతో, పిల్లలతో మేము కూర్చుండునట్లు మాకు ఓపిక దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమెన్.